తప్పుడు ఫిర్యాదులు, అక్రమ కేసులు: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం

జరగని నేరం జరిగిందని గానీ, జరిగిన నేరాన్ని సంబంధం లేని మనిషి చేశాడని గానీ తెలిసి తెలిసి పోలీసులకు చెప్పడం తప్పుడు ఫిర్యాదు. ఫిర్యాదుదారుకు దురుద్దేశం లేకపోయినా దర్యాప్తు దారి తప్పి నిర్దోషి మెడకు కేసు చుట్టుకుంటే అది అక్రమ ఆరోపణ. రెండింటిలోనూ నష్టపోయేది ఒక్కరే అయినా చట్టం చూపే దారులు వేరు. మొదటిదానిలో ఫిర్యాదుదారు జవాబు చెప్పుకోవాలి, రెండోదానిలో దర్యాప్తు అధికారి.

ఉమ్మడి నల్గొండ జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఈ విషయాన్ని పరిశీలించడానికి అనువైన పట్టణాలు. సూర్యాపేట, కోదాడ హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారిపై ఉన్నాయి. మిర్యాలగూడ నార్కట్‌పల్లి–అద్దంకి రహదారి మీద, బీబీనగర్–గుంటూరు రైలు మార్గంలో ఉంది. 2016 అక్టోబర్ 11న జిల్లాల విభజన జరిగాక సూర్యాపేట, కోదాడ పోలీసు సబ్‌డివిజన్లు సూర్యాపేట ఎస్పీ కిందికి వెళ్లాయి. మిర్యాలగూడ సబ్‌డివిజన్ నల్గొండ ఎస్పీ కిందే ఉండిపోయింది.

స్వరూపం, రకాలు

ఆచరణలో ఇలాంటి కేసులు మూడు రకాలుగా కనిపిస్తాయి. పూర్తిగా కల్పించినవి మొదటి రకం. ఉన్నదానికి లేనిది జోడించినవి రెండో రకం. కొట్లాట నిజంగానే జరిగి ఉంటుంది, కొట్టింది ఇద్దరే అయి ఉంటుంది. ఫిర్యాదులో మాత్రం ఇంటిల్లిపాదీ ఏ1 నుంచి ఏ8 దాకా ఎక్కుతారు. ఊళ్లో లేని కొడుకు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే అల్లుడు కూడా ఆ జాబితాలో ఉంటారు. కోర్టుల్లో ఎక్కువగా తేలేది ఈ రకమే. పోలికలు, అనుమానం, పాత నేర చరిత్ర చూసి మనిషిని పొరపాటుగా పట్టుకోవడం మూడో రకం.

రుజువు కాని కేసు, తప్పుడు కేసు ఒకటి కావు. సాక్షులు ఎదురు తిరిగినా, ఇరుపక్షాలు రాజీ పడినా, దర్యాప్తు సరిగా జరగకపోయినా కేసు వీగిపోతుంది. అంతమాత్రాన ఫిర్యాదు అబద్ధమని అర్థం కాదు. దర్యాప్తు తర్వాత చార్జిషీటు వేయదగ్గ ఆధారం లేదని పోలీసులు భావిస్తే కోర్టుకు తుది నివేదిక పంపుతారు. తెలుగు రాష్ట్రాల స్టేషన్లలో దీన్ని 'కేసు రిఫర్ చేశారు' అంటారు. ఫిర్యాదుదారుకు నోటీసు ఇస్తారు. ఆ నివేదికలో కారణం కింద 'ఫాల్స్', 'మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్', 'లాక్ ఆఫ్ ఎవిడెన్స్', 'సివిల్ నేచర్' వంటి మాటల్లో ఒకటి ఉంటుంది. తర్వాత ఫిర్యాదుదారుపై చర్య కోరాలన్నా, పరిహారం అడగాలన్నా ఈ మాట కీలకమవుతుంది. 'ఫాల్స్' అని మూసిన కేసుకు ఉన్న బలం 'లాక్ ఆఫ్ ఎవిడెన్స్' అని మూసినదానికి ఉండదు. ఫిర్యాదుదారుకు నివేదిక నచ్చకపోతే మేజిస్ట్రేట్ ముందు అభ్యంతర పిటిషన్ వేయవచ్చు.

చారిత్రక నేపథ్యం

నిజాం పాలనలో ఊరి కాగితం ముగ్గురి చేతుల్లో ఉండేది. మాలీ పటేల్ శిస్తు వసూలు చేసేవాడు, పోలీస్ పటేల్ శాంతిభద్రతలు చూసేవాడు, పట్వారీ భూమి లెక్కలు రాసేవాడు. ఈ పదవులు వంశపారంపర్యంగా నడిచేవి. ఊళ్లో నేరం జరిగిందో లేదో ఠాణాకు తెలిసేది పోలీస్ పటేల్ నోటి ద్వారానే. దొర మాట కాదన్న రైతు మీద దొంగతనమో దొమ్మీయో మోపడానికి ఇంతకు మించిన ఏర్పాటు అక్కర్లేదు.

అప్పట్లో నల్గొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కుటుంబానికి ఎదురైన కేసులు ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. ఆమె కౌలు భూమిని, పంటను దక్కించుకోవాలని విసునూరు దేశ్‌ముఖ్ ప్రయత్నించాడు. ఐలమ్మ కుటుంబీకులను, ఆమెకు అండగా నిలిచిన ఆంధ్ర మహాసభ సంఘం నాయకులను కేసుల్లో ఇరికించారు. భూమి తగాదాలో చివరికి తీర్పు ఐలమ్మకు అనుకూలంగా వచ్చింది.

రైతాంగ సాయుధ పోరాట కాలంలో సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాలు ముఖ్య కేంద్రాలు. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య తర్వాత సైనిక ప్రభుత్వం ప్రత్యేక ట్రైబ్యునళ్లు పెట్టింది. నల్గొండ జిల్లా హత్య కేసుల్లో 1949 ఆగస్టులో పలువురికి మరణశిక్ష పడింది. న్యాయవాదిని పెట్టుకునే సరైన అవకాశం తమకు ఇవ్వలేదని వారు సుప్రీంకోర్టు తలుపు తట్టారు. వారి తరఫున వాదించడానికి లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చారు. జనార్దన్ రెడ్డి వర్సెస్ స్టేట్ ఆఫ్ హైదరాబాద్ పేరుతో నమోదైన ఈ కేసులో 1951లో పిటిషన్లను కోర్టు కొట్టేసింది. ఆ తర్వాత మరణశిక్షలు యావజ్జీవ శిక్షలుగా మారాయి. నిందితుడికి వకీలు ఉండాలన్న వాదన స్వతంత్ర భారతంలో తొలి రోజుల్లోనే అత్యున్నత న్యాయస్థానం ముందుకు వెళ్లిన కేసుల్లో ఇదొకటి.

పటేల్, పట్వారీ పదవులను 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రద్దు చేసింది. ఊరి తగాదా నేరుగా మండల కేంద్రంలోని పోలీస్ స్టేషన్‌కు చేరడం ఆ తర్వాతే మామూలైంది.

ఏ తగాదాలోంచి ఏ కేసు

భూమి: నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతంలో గట్టు తగాదాలు పాతవే. సాదా బైనామాలు, పాసుపుస్తకంలో విస్తీర్ణం తేడాలు, వారసుల వాటాలు వీటికి తోడయ్యాయి. సివిల్ కోర్టులో ఏళ్లు పడుతుందని ఒక పక్షం గట్టు మీద గొడవనే కొట్లాట కేసుగా మారుస్తుంది. ఎదుటి పక్షం అదే రోజు కౌంటర్ కేసు పెడుతుంది. శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 115 కింద మామూలు దెబ్బల కేసు అయితే స్టేషన్ బెయిల్ దొరుకుతుంది. సెక్షన్ 109 చేర్చి హత్యాయత్నంగా రాస్తే రిమాండ్ తప్పకపోవచ్చు. అందుకే గాయం ఎంత అన్నదానికన్నా ఏ సెక్షన్ రాశారన్నదాని చుట్టూ ఒత్తిడి నడుస్తుంది.

ఈ కేసుల్లో నిజం ఎక్కువగా బయటపడేది ప్రభుత్వ ఆసుపత్రి రిజిస్టర్లో. దెబ్బలతో వచ్చినవారిని వైద్యుడు మెడికో లీగల్ కేసుగా నమోదు చేస్తాడు. వచ్చిన సమయం, ఎలా తగిలిందని వారు చెప్పారు, గాయం పొడవు లోతు ఎంత, అది స్వల్పమా తీవ్రమా అన్నది రాస్తాడు. రాత్రి 8 గంటలకు గొడ్డలితో నరికారని ఎఫ్‌ఐఆర్‌లో ఉండి, మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రికి వచ్చి 'కింద పడ్డాను' అని చెప్పినట్టు రిజిస్టర్లో ఉంటే ఆ కేసు నిలవడం కష్టం. ఒకే ఘటనపై పరస్పరం పెట్టుకున్న కేసులను ఒకే జడ్జి ఒకదాని వెంట ఒకటి విచారించాలని 1990లో నాథీ లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే మొదట చెయ్యెత్తింది ఎవరో తెలుస్తుంది.

వ్యాపారం: మిర్యాలగూడ రైస్ మిల్లులకు పేరున్న పట్టణం. ధాన్యం, బియ్యం, ఎరువుల వ్యాపారమంతా అరువు మీద, నమ్మకం మీద, సంతకం చేసిన ఖాళీ చెక్కుల మీద సాగుతుంది. బాకీ రానప్పుడు సివిల్ దావా వేయడం కన్నా మోసం కేసు పెట్టి స్టేషన్‌లో కూర్చోబెడితే డబ్బు త్వరగా వస్తుందన్న ఆలోచన బలంగా ఉంది. మాట తప్పడం వేరు, మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశంతోనే మాట ఇవ్వడం వేరు. రెండోదే నేరం. సివిల్ తగాదాలను క్రిమినల్ కేసులుగా మార్చే ధోరణిని ఇండియన్ ఆయిల్ వర్సెస్ ఎన్‌ఈపీసీ కేసులో 2006లోనే సుప్రీంకోర్టు తప్పుపట్టింది.

పెళ్లి, కుటుంబం: భార్యను భర్త, అత్తమామలు వేధించడం న్యాయ సంహిత సెక్షన్ 85 కింద నేరం. పాత శిక్షాస్మృతిలో ఇది 498ఎ. కట్నం వేధింపులు వాస్తవం, ఆ సెక్షన్ అవసరమూ వాస్తవమే. అయితే వేరే ఊళ్లో ఉండే ఆడపడుచును, పెళ్లికి మాత్రమే వచ్చిన మేనమామను కూడా చేర్చడం గురించి కోర్టులు పదేపదే హెచ్చరించాయి. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో 2024 డిసెంబర్ 10న సుప్రీంకోర్టు, ఎవరు ఎప్పుడు ఏం చేశారో చెప్పకుండా కుటుంబ సభ్యులందరి పేర్లూ రాసేస్తే దాన్ని మొదట్లోనే ఆపాలంటూ కేసును కొట్టేసింది.

కులాంతర ప్రేమ పెళ్లిళ్లలో అమ్మాయి తల్లిదండ్రులు అబ్బాయి మీద కిడ్నాప్ ఫిర్యాదు ఇవ్వడం మరో రకం. అమ్మాయి మేజర్ అయి, ఇష్టపూర్వకంగా వెళ్లానని మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇస్తే ఆ కేసు నిలవదు. ఈ జంటల భయాన్ని పోలీసులు తేలిగ్గా తీసుకోరాదనడానికి 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో జరిగిన పరువు హత్యే సాక్ష్యం. ఆ కేసులో 2025 మార్చి 10న నల్గొండ ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక కోర్టు ఒకరికి మరణశిక్ష, మిగిలినవారికి యావజ్జీవ శిక్ష విధించింది.

దొంగతనం అనుమానం: డబ్బూ పలుకుబడీ లేని దళితులు, లంబాడాలు, వలస కూలీలు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. ఫిర్యాదుదారు ఎవరి పేరూ చెప్పడు. పేరు దర్యాప్తులోనే పుడుతుంది. 2021 నవంబర్‌లో సూర్యాపేట జిల్లా ఆత్మకూర్ (ఎస్) మండలం రామోజీ తండాకు చెందిన గిరిజన యువకుడిని దొంగతనం కేసులో స్టేషన్‌కు తీసుకెళ్లి చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణ వచ్చింది. తండావాసులు ఆందోళనకు దిగారు. ఎస్సైపై శాఖాపరమైన చర్య తీసుకున్నారు. అంతకు కొద్ది నెలల ముందు, 2021 జూన్‌లో, ఉమ్మడి జిల్లాలోనిదే అయిన అడ్డగూడూరు స్టేషన్‌లో దొంగతనం ఆరోపణపై తీసుకొచ్చిన దళిత మహిళ మరణించింది. సంబంధిత పోలీసులను ఉద్యోగాల నుంచి తొలగించారు.

ఫిర్యాదు నుంచి కేసు దాకా

2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నేర విచారణ స్మృతి స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చాయి. వీటి ప్రకారం కూడా, తీవ్రమైన నేరం జరిగిందని ఫిర్యాదు చెబితే ఎఫ్‌ఐఆర్ కట్టడం తప్పనిసరి. లలితా కుమారి కేసులో 2013 నవంబర్ 12న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ సంగతి తేల్చింది. ఫిర్యాదు నిజమా కాదా అన్నది ఎఫ్‌ఐఆర్ తర్వాత తేలాల్సిన విషయం. కాబట్టి పేరు ఎఫ్‌ఐఆర్‌లోకి ఎక్కినంత మాత్రాన పోలీసులు నమ్మారని అర్థం కాదు.

కుటుంబ తగాదాలు, వ్యాపార లావాదేవీలు, చాలా ఆలస్యంగా వచ్చిన ఫిర్యాదుల్లో ప్రాథమిక విచారణ చేయవచ్చని అదే తీర్పు చెప్పింది. నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173(3) దీన్ని కొంత విస్తరించింది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ ముగించవచ్చు. భూమి, బాకీ తగాదాల్లోంచి పుట్టిన కేసుల్లో నిందితుడు తన కాగితాలు చూపించుకోవడానికి ఇది మంచి అవకాశం.

ఎఫ్‌ఐఆర్ కాపీని 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలని 2016 సెప్టెంబర్ 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. లైంగిక నేరాలు, ఉగ్రవాదం వంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఉంది. ఆరోపణ ఏమిటో, ఏ తేదీన, ఏ సమయానికి, ఏ చోట జరిగిందంటున్నారో తెలియకుండా జవాబు తయారు చేసుకోవడం కుదరదు. అందుకే న్యాయవాది మొదట అడిగేది ఆ కాపీనే.

నిందితుడికి ఉన్న రక్షణలు

అరెస్టుకు ముందు: ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయరాదని, అరెస్టు ఎందుకు అవసరమో రాతపూర్వకంగా నమోదు చేయాలని అర్నేష్ కుమార్ కేసులో 2014 జూలై 2న సుప్రీంకోర్టు చెప్పింది. అరెస్టు అక్కర్లేకపోతే నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 35(3) కింద హాజరు నోటీసు ఇస్తారు. పాత పేరు అలవాటై దీన్ని ఇప్పటికీ '41ఎ నోటీసు' అంటారు. ఈ నోటీసు అందుకుని హాజరైతే చాలావరకు అరెస్టు తప్పుతుంది. భయపడి ఫోన్ ఆపేసి బంధువుల ఊరికి వెళ్లిపోతే 'పరారీలో ఉన్నాడు' అన్న ఒక్క వాక్యం అరెస్టుకు కారణమవుతుంది. 60 ఏళ్లు దాటినవారిని, అనారోగ్యంతో ఉన్నవారిని మూడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతి లేకుండా అరెస్టు చేయరాదు.

అరెస్టు భయం ఉంటే అదే సంహిత సెక్షన్ 482 కింద సెషన్స్ కోర్టులో గానీ హైకోర్టులో గానీ ముందస్తు బెయిల్ కోరవచ్చు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసుల్లో ఈ అవకాశం లేదు. అయితే ఫిర్యాదు చదివినా ప్రాథమికంగా నేరం కనిపించని కేసుల్లో ఆ నిషేధం వర్తించదని 2020 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అరెస్టు తర్వాత: డి.కె. బసు కేసులో 1996 డిసెంబర్ 18న ఇచ్చిన మార్గదర్శకాలు ఇప్పుడు చట్టంలో భాగం. అరెస్టు మెమో రాయాలి, దానిపై సాక్షి సంతకం ఉండాలి, ఇంటివాళ్లకు తెలియజేయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. ప్రశ్నించేటప్పుడు న్యాయవాదిని కలిసే హక్కు ఉంది. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. రిమాండ్ సమయంలో 'పోలీసులు కొట్టారా' అని మేజిస్ట్రేట్ అడిగినప్పుడు ఇచ్చిన జవాబు రికార్డుకెక్కుతుంది. ఆ క్షణంలో మౌనంగా ఉండి తర్వాత చెబితే నమ్మించడం కష్టమవుతుంది.

కేసు కొట్టివేత: ఆరోపణలన్నీ నిజమనుకున్నా నేరం కానప్పుడు, కక్షతో పెట్టిన కేసని కంటికి కనిపిస్తున్నప్పుడు హైకోర్టు ఎఫ్‌ఐఆర్‌ను కొట్టేయవచ్చు. భజన్‌లాల్ కేసు తీర్పు ఇలాంటి సందర్భాలను ఏడింటిని ఉదహరించింది. పాత నేర విచారణ స్మృతిలో సెక్షన్ 482గా తెలిసిన ఈ అధికారం ఇప్పుడు సురక్షా సంహితలో సెక్షన్ 528. దీన్నే క్వాష్ పిటిషన్ అంటారు. సాక్ష్యాలను తూచాల్సిన అవసరం ఉంటే హైకోర్టు జోక్యం చేసుకోదు. అప్పుడు చార్జిషీటు తర్వాత కింది కోర్టులో డిశ్చార్జ్ పిటిషన్ వేసుకోవాలి. సెషన్స్ కేసుల్లో దీనికి 60 రోజుల గడువు ఉంది.

సాక్ష్యం చెదిరిపోకముందే

నిర్దోషిత్వాన్ని నిరూపించుకోవాల్సిన భారం నిందితుడిది కాదు. కానీ 'ఆ సమయంలో నేను అక్కడ లేను' అనే వాదన ఎత్తుకుంటే, దాన్ని చూపించాల్సింది అతనే. జాతీయ రహదారి మీది పట్టణాల్లో ఇందుకు ఆధారాలకు కొదవ లేదు. కోదాడలో రాత్రి 9 గంటలకు కొట్టాడని ఆరోపణ ఎదుర్కొంటున్న డ్రైవర్ ఆ సమయానికి సూర్యాపేట దాటి హైదరాబాద్ వైపు వెళ్తుంటే కొర్లపహాడ్ టోల్‌ప్లాజా దగ్గర ఫాస్టాగ్ కోత నిమిషాలతో సహా నమోదవుతుంది. బంకులో యూపీఐ చెల్లింపు, లోడింగ్ చీటీ, వేబిల్లు, ఆర్టీసీ టికెట్, ఆఫీసు బయోమెట్రిక్ కూడా ఇలాంటివే. బండి వెళ్లినంత మాత్రాన మనిషి వెళ్లినట్టు కాదన్న వాదన వస్తుంది గనుక టోల్ రికార్డుకు సెల్‌ఫోన్ టవర్ లొకేషన్ తోడైతే బలం.

వీటన్నిటికీ ఆయుష్షు తక్కువ. దుకాణాల సీసీ కెమెరాల ఫుటేజీ సాధారణంగా కొద్ది వారాల్లోనే చెరిగిపోయి దాని మీద కొత్తది ఎక్కుతుంది. కాల్ రికార్డులను టెలికాం సంస్థలు రెండేళ్లు ఉంచాలి, కానీ కోర్టు ఆదేశం లేకుండా చేతికివ్వవు. అందుకే ఫుటేజీ భద్రపరచమని దుకాణదారుకు, దర్యాప్తు అధికారికి, ఎస్పీకి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోవడం ఆచారమైంది. అధికారి పట్టించుకోకపోయినా, అడిగామనడానికి ఆ రసీదు సాక్ష్యం. సేకరించిన ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో దాఖలు చేయడానికి సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి.

స్టేషన్ లోపల ఏం జరిగిందో చెప్పడానికీ కెమెరాలే ఆధారం. ప్రతి పోలీస్ స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టి ఫుటేజీని 18 నెలలు, వీలు కాకపోతే కనీసం ఏడాది ఉంచాలని పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబర్ 2న సుప్రీంకోర్టు ఆదేశించింది.

తెలుగు రాష్ట్రాల్లో మైలురాళ్లు

కోదాడ దాటి రాష్ట్ర సరిహద్దు అవతల నందిగామ ప్రాంతానికి చెందిన దళిత యువకుడి ఉదంతం అక్రమ శిక్షకు బాగా తెలిసిన ఉదాహరణ. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని హాస్టల్‌లో 2007 డిసెంబర్ 27న ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. 2008 ఆగస్టులో ఇతన్ని అరెస్టు చేశారు. నడవలేని స్థితిలో ఉన్న మనిషి ఈ నేరం ఎలా చేయగలడని కుటుంబీకులు అడుగుతూ వచ్చారు. అసలు నేరస్థుడు ఇతను కాదని హతురాలి తల్లిదండ్రులే మొదటి నుంచీ చెప్పారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషిగా విడుదల చేస్తూ లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలని, దర్యాప్తు అధికారులపై చర్య తీసుకోవాలని ఆదేశించింది. అప్పటికి అతను ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాడు. కేసు తర్వాత సీబీఐకి వెళ్లింది.

2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో పేలుడు తర్వాత పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకెళ్లారు. కోర్టులు వారిని విడుదల చేశాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 20 మందికి రూ. 3 లక్షల చొప్పున, మరో 50 మందికి రూ. 20 వేల చొప్పున పరిహారం ప్రకటించింది. నిర్దోషులుగా విడుదలైనంత మాత్రాన పరిహారం హక్కు కాదంటూ 2013 సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది.

2021 ఫిబ్రవరి 10న ఘట్‌కేసర్ పరిధిలో ఒక విద్యార్థిని తనను ఆటో డ్రైవర్లు అపహరించి అత్యాచారం చేశారని చెప్పడంతో పోలీసులు పలువురు ఆటో డ్రైవర్లను ప్రశ్నించారు. సీసీ కెమెరాల్లో ఆమె ఒంటరిగా తిరుగుతున్నట్టు కనిపించింది. ఫిర్యాదు కల్పితమని రాచకొండ పోలీసులు మూడు రోజుల్లో ప్రకటించారు. ఆ నెలలోనే ఆమె ఆత్మహత్య చేసుకుంది. సాంకేతిక ఆధారం ఇక్కడ నిర్దోషులను కాపాడింది. 2023లో మెదక్‌లో అదే ఆధారం ప్రాణం మీదికి తెచ్చింది. గొలుసు దొంగతనం కేసులో సీసీ ఫుటేజీలోని మనిషి పోలికలున్నాయని పట్టుకున్న వ్యక్తి, పోలీసులు కొట్టారని చెప్పి ఫిబ్రవరిలో ఆసుపత్రిలో చనిపోయాడు. తెలంగాణ హైకోర్టు ఆ కేసును తనంత తానుగా విచారణకు తీసుకుంది.

తప్పుడు ఫిర్యాదుకు శిక్ష

అధికారిని తప్పుదోవ పట్టించడానికి అబద్ధపు సమాచారం ఇస్తే న్యాయ సంహిత సెక్షన్ 217 కింద ఏడాది దాకా జైలు, రూ. 10 వేల దాకా జరిమానా లేదా రెండూ పడవచ్చు. పాత సెక్షన్ 182లో గరిష్ఠ శిక్ష ఆరు నెలలే. హాని చేయాలన్న ఉద్దేశంతో తెలిసి తెలిసి అబద్ధపు నేరారోపణ చేస్తే సెక్షన్ 248 వర్తిస్తుంది. ఇందులో అయిదేళ్ల దాకా జైలు, రూ. 2 లక్షల దాకా జరిమానా లేదా రెండూ ఉన్నాయి. మోపిన నేరం మరణశిక్ష, యావజ్జీవం లేదా పదేళ్లకు పైబడిన శిక్ష పడేదైతే పదేళ్ల దాకా జైలు.

చట్టంలో ఇంత ఉన్నా ఈ సెక్షన్ల కింద శిక్షలు అరుదు. సెక్షన్ 217 కింద బాధితుడు నేరుగా కేసు పెట్టలేడు. అబద్ధపు సమాచారం అందుకున్న అధికారి గానీ ఆయన పైఅధికారి గానీ కోర్టుకు రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వాలి. ఆరోపణ కోర్టు విచారణలో భాగమైతే సెక్షన్ 248 కింద చర్యకు ఆ కోర్టే పూనుకోవాలి. ఏళ్ల తరబడి కేసు నడిపి అలసిపోయిన స్టేషన్‌కూ కోర్టుకూ ఆ ఓపిక తక్కువ.

మరోవైపు శాసనకర్తలు ఒక జాగ్రత్త కూడా పాటించారు. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం (2013) సెక్షన్ 14 దురుద్దేశంతో చేసిన ఫిర్యాదుపై చర్యకు వీలిస్తూనే, రుజువు చేయలేకపోవడం అబద్ధం కాదని స్పష్టంగా చెప్పింది. పోక్సో చట్టం సెక్షన్ 22 తప్పుడు ఫిర్యాదును శిక్షిస్తుంది గానీ, ఆ ఫిర్యాదు చేసింది పిల్లలైతే శిక్ష వద్దంటుంది.

పరిహారం

నిర్దోషిగా బయటపడినవారికి ఉన్న దారులు నాలుగు. కారణం లేని ఆరోపణ అని మేజిస్ట్రేట్ భావిస్తే నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 273 కింద ఫిర్యాదుదారుతో పరిహారం ఇప్పించవచ్చు. ఆధారం లేకుండా అరెస్టు చేయించినవారి నుంచి అదే సంహిత సెక్షన్ 399 కింద ఇప్పించగల మొత్తం రూ. 1,000 మాత్రమే. అకారణ ప్రాసిక్యూషన్‌పై సివిల్ దావా మూడో దారి. కేసు ముగిసిన ఏడాది లోపు ఇది వేయాలి. ఫిర్యాదుదారు దురుద్దేశాన్ని కూడా నిరూపించాల్సి రావడంతో దీన్ని గెలవడం కష్టం. ప్రాథమిక హక్కులకు భంగం కలిగిందని హైకోర్టుకో సుప్రీంకోర్టుకో వెళ్లడం నాలుగోది. నిర్దోషిగా తేలాక కూడా 14 ఏళ్లు బిహార్ జైల్లో మగ్గిన రుదుల్ సా కేసులో 1983లో సుప్రీంకోర్టు ఈ దారి తెరిచింది. ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌కు 2018 సెప్టెంబర్ 14న రూ. 50 లక్షలు ఇప్పించింది.

కేసు ఆనవాళ్లు తీర్పుతో చెరిగిపోవు. కేసు పెండింగ్‌లో ఉంటే పాస్‌పోర్టుకు కోర్టు అనుమతి కావాలి. గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లిన భర్తపై లుకౌట్ నోటీసు ఉంటే విమానాశ్రయంలోనే ఆపేస్తారు. కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికైన యువకుడు, కొట్టేసిన కేసే కదా అని ధ్రువీకరణ పత్రంలో రాయకపోతే, కేసు కన్నా దాచిన తప్పు పెద్దదవుతుంది. ఏ కేసునైనా దాచకుండా రాయాలన్నది అవతార్ సింగ్ కేసు (2016) సారాంశం.

ఇతర దేశాలు

బ్రిటన్‌లో తప్పుడు ఫిర్యాదుతో పోలీసుల సమయం వృథా చేయడం 1967 నుంచి నేరం. అక్రమ శిక్షకు పరిహారం ఇచ్చే చట్టం 1988లో వచ్చింది. పోస్టాఫీసుల్లో హొరైజన్ అనే లోపభూయిష్టమైన కంప్యూటర్ వ్యవస్థ చూపిన లెక్కలను నమ్మి వందలాది సబ్‌పోస్టుమాస్టర్లను దొంగలుగా శిక్షించిన ఉదంతంలో 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేసింది. అమెరికా ఫెడరల్ కేసుల్లో అక్రమంగా జైల్లో గడిపిన ప్రతి ఏడాదికీ 50 వేల డాలర్ల దాకా ఇస్తారు. భారత్‌లో ఇలాంటి చట్టబద్ధమైన పథకం లేదు. ప్రత్యేక కోర్టులు పెట్టి పరిహారం తేల్చాలని లా కమిషన్ 277వ నివేదికలో 2018 ఆగస్టులో సిఫారసు చేసింది. 2023లో చేసిన కొత్త నేర చట్టాల్లో దానికి చోటు దక్కలేదు.

దుర్వినియోగంపై చర్చ

498ఎ, ఎస్సీ ఎస్టీ చట్టం దుర్వినియోగమవుతున్నాయన్న వాదన మీద సుప్రీంకోర్టే రెండుసార్లు ముందుకు వెళ్లి వెనక్కి తగ్గింది. వేధింపుల ఫిర్యాదులను ముందుగా కుటుంబ సంక్షేమ కమిటీలు చూడాలని 2017 జూలైలో చెప్పి 2018 సెప్టెంబర్‌లో ఆ కమిటీలను తొలగించింది. ఎస్సీ, ఎస్టీ చట్టం కింద అరెస్టుకు ముందస్తు అనుమతి కావాలని 2018 మార్చి 20న ఆదేశిస్తే, అదే ఏడాది పార్లమెంటు 18ఎ సెక్షన్ చేర్చి దాన్ని తోసిపుచ్చింది. 2019 అక్టోబర్ 1న కోర్టు కూడా ఆ ఆదేశాలను వెనక్కి తీసుకుంది. బలహీనుల ఫిర్యాదు అబద్ధమేమోనన్న అనుమానంతో మొదలుపెట్టడం చట్టం ముందు సమానత్వానికే విరుద్ధమన్నది ఆ మార్పుల వెనక ఉన్న తర్కం. రామోజీ తండా, అడ్డగూడూరు ఉదంతాలు చూపేదీ అదే. ఒకే సామాజిక వర్గం మనుషులు ఒక కేసులో నమ్మకం దొరకని ఫిర్యాదుదారులుగా, మరో కేసులో సులువుగా దొరికే నిందితులుగా కనిపిస్తారు.

స్థానికంగా సహాయం

ఎస్సై స్పందించకపోతే రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీకి ఫిర్యాదు పంపవచ్చు. అక్కడా ఫలితం లేకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు. అబద్ధపు ప్రైవేటు ఫిర్యాదులను ఈ అఫిడవిట్ షరతు కొంత తగ్గిస్తుంది. సూర్యాపేట 2022 జూన్ నుంచి వేరే న్యాయ జిల్లా. మిర్యాలగూడ నల్గొండ న్యాయ జిల్లాలో ఉంది. మహిళలు, ఎస్సీలు, ఎస్టీలు, పిల్లలు, కస్టడీలో ఉన్నవారు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. ఇందుకు 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. పోలీసు హింసపై రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

చాలా కౌంటర్ కేసులు చివరికి పెద్దమనుషుల సమక్షంలోనో లోక్ అదాలత్‌లోనో రాజీతో ముగుస్తాయి. లోక్ అదాలత్ అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంది, దానిపై అప్పీలు లేదు. రాజీ పడ్డాక తప్పుడు కేసు పెట్టారంటూ చర్య గానీ పరిహారం గానీ కోరడానికి ఆధారం మిగలదు. అందువల్ల నిజంగా నిర్దోషి అయినవారికి కూడా న్యాయవాదులు ముందు చెప్పే మాట ఒకటే: చివర్లో దక్కే పరిహారాన్ని నమ్ముకోవద్దు, మొదటి పదిహేను రోజుల్లో ఆసుపత్రి కాగితం, ఫుటేజీ, నోటీసుకు రాతపూర్వక జవాబు సిద్ధం చేసి పెట్టుకోండి. ఇప్పుడున్న చట్టంలో అక్రమ కేసు నుంచి మనిషిని బయటపడేసేవి ఎక్కువగా ఆ కాగితాలే.